ఈ ఊరి గాలి పడని ఫోన్లు

వేసవి వచ్చిందంటే బ్రాంప్టన్‌లో మన ఇళ్ళకి కళ వస్తుంది. పియర్సన్ విమానాశ్రయంలో తలుపులు తెరుచుకోవడం, నాలుగు పెట్టెల తోపుడుబండి వెనకాల అమ్మానాన్నలో అత్తమామలో బయటికి రావడం, మనవలు పరుగెత్తుకుంటూ వెళ్ళి కావలించుకోవడం. ఆ పెట్టెల్లో ఏముంటాయో చెప్పక్కర్లేదు. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు, ఇక్కడ దొరకవేమోనని మోసుకొచ్చిన అప్పడాలు. కస్టమ్స్ వారు వేటిని వదులుతారో, వేటిని పట్టుకుంటారో మనవాళ్ళకి తెలిసినంతగా ఆ కస్టమ్స్ వారికే తెలియదేమో! కానీ నాన్నగారి చొక్కా జేబులో, అమ్మగారి చేతిసంచీలో వచ్చే ఒక వస్తువుని గురించి మాత్రం ఎవరూ ఆలోచించరు. అదే సెల్ ఫోను. "ఏముంది, ఇక్కడి సిమ్ము వేస్తే సరిపోతుంది కదా" అనుకుంటాం. చాలాసార్లు సరిపోదు. ఎందుకు సరిపోదో, సరిపోకపోతే ఏమవుతుందో చెప్పడానికే ఈ నాలుగు పేజీలు.

నేను రిటైరయ్యే దాకా టెలిఫోను టవర్లు, యాంటెన్నాల లెక్కలు చూసే పని చేశాను. అంచేత సంఘం పిక్నిక్కులో పులిహోర ప్లేటు చేతిలోకి తీసుకోగానే ఎవరో ఒకరు ఫోను పట్టుకుని పక్కన చేరతారు. "మాష్టారూ, ఇండియాలో భేషుగ్గా పనిచేసిన ఫోను ఇక్కడ గీతలు చూపించదేం?" ప్రశ్న ఒక్కటే అయినా జవాబు కొంచెం పొడుగు. పులిహోర చల్లారేలోగా ముగిసేది కాదు.

మన చిన్నప్పటి రేడియో గుర్తు తెచ్చుకోండి. ఇంట్లో ఉన్నది మర్ఫీయో, బుష్షో, ఫిలిప్సో. ముఖాన అద్దం, అద్దం వెనక అంకెలు, అటూ ఇటూ జరిగే ఎర్ర ముల్లు. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ దగ్గర, హైదరాబాదు 738 దగ్గర. ఈ రెండూ మీడియం వేవ్. రేడియో సిలోన్ తెలుగు కార్యక్రమంలో మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినాలంటే మీట షార్ట్ వేవ్‌కి తిప్పాలి. ఒక్క బ్యాండు ట్రాన్సిస్టరు ఉన్న ఇంట్లో సిలోన్ రాదు. ఎంత తిప్పినా రాదు, ఏరియల్ తీసుకెళ్ళి బట్టల దండేనికి కట్టినా రాదు. సిలోన్ తరంగాలు ఆ ఇంటి మీదుగా పోతూనే ఉంటాయి. వాటిని పట్టుకునే చుట్ట ఆ పెట్టెలో లేదు, అంతే.

సెల్ ఫోను కూడా రేడియోనే. కాకపోతే వినడమే కాకుండా తిరిగి మాట్లాడుతుంది. స్కూల్లో 'పౌనఃపున్యం' అని నోరు తిరగని మాట ఒకటి చదువుకున్నాం. ఫ్రీక్వెన్సీ అంటే అందరికీ తెలుస్తుంది. ప్రతి దేశం తన ఆకాశంలో కొన్ని ఫ్రీక్వెన్సీ ముక్కల్ని సెల్ ఫోన్లకి కేటాయించి, వేలం వేసి కంపెనీలకి అమ్ముతుంది. ఆ ముక్కలే బ్యాండ్లు. అంతర్జాతీయ ప్రమాణాలు రాసేవారు ఒక్కోదానికి ఒక్కో నంబరిచ్చారు. ఆ నంబర్లకి వరసా వావీ లేదు. మన పాత ఊళ్ళలో ఇంటి నంబర్ల లాగే, అయిదు పక్కన ఆరు ఉండాలని లేదు.

ఇండియాలో 4జీ ముఖ్యంగా నడిచేది 1800 మెగాహెర్ట్జ్ మీద, అంటే బ్యాండ్ 3. దానికి తోడు 2300 (బ్యాండ్ 40), 850 (బ్యాండ్ 5, దీన్ని అక్కడ 800 అంటారు), 900 (బ్యాండ్ 8), 2100 (బ్యాండ్ 1), 2500 (బ్యాండ్ 41). ఇక కెనడా సంగతి. ఇక్కడ 1900 (బ్యాండ్ 2), 1700ని 2100తో జతచేసిన బ్యాండ్ 4, దాన్నే పొడిగించిన బ్యాండ్ 66, 2600 (బ్యాండ్ 7), 700లో బ్యాండ్ 12, 13, 17, కొన్ని కంపెనీలకి 600 (బ్యాండ్ 71), వీటితో పాటు 850 (బ్యాండ్ 5). రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. 4జీలో గట్టిగా కలిసేది ఒక్క 850. పెళ్ళిచూపుల్లో జాతకాలు కలపడానికి కూర్చుంటే ముప్ఫయ్యారు గుణాల్లో ఐదో ఆరో కలిసినట్టు!

అసలిలా ఎందుకు జరిగింది? జెనీవాలో ఉన్న అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రపంచాన్ని మూడు ప్రాంతాలుగా విడదీసింది. యూరప్, ఆఫ్రికాలు మొదటిది, ఉత్తర దక్షిణ అమెరికాలు రెండోది, ఇండియాతో సహా ఆసియా, ఆస్ట్రేలియాలు మూడోది. యూరప్‌వారు 900 మెగాహెర్ట్జ్ దగ్గర జీఎస్ఎం మొదలుపెట్టారు. 1995 జూలై 31న కలకత్తాలో జ్యోతిబసు గారు ఢిల్లీలో సుఖ్‌రామ్ గారికి ఫోను చేసి ఇండియాలో సెల్ ఫోన్లకి ప్రారంభోత్సవం చేసినప్పుడు ఇండియా కూడా ఆ దారినే పట్టింది. ఉత్తర అమెరికాలో అలా కుదరలేదు. ఇక్కడ 902 నుంచి 928 వరకు ఉన్న జాగాని లైసెన్సు అక్కర్లేని చిల్లర పరికరాలకి వదిలేశారు. తీగలేని ఇంటి ఫోన్లూ, పసిపిల్లల ఉయ్యాల దగ్గర పెట్టే మానిటర్లూ అందులోనే కాపురం పెట్టాయి. సెల్ ఫోన్లకి 1985 నాటికే 850 దగ్గర చోటిచ్చారు. తర్వాత ఇంకా చోటు కావలసి వస్తే 1850 నుంచి 1990 దాకా ఉన్న ముక్కని తీసుకున్నారు. ఆ ముక్క మన ఇండియా 1800కి ఒక కాలు మీద, 2100కి ఇంకో కాలు మీద పడింది. అందుకని ఆ రెండూ ఇక్కడికి యథాతథంగా రావడానికి దారి మూసుకుపోయింది.

తర్వాత ఇక్కడివారు చేసిన సర్దుబాటు నాకు ఎప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది. ఫోను నుంచి టవరుకి పోయే దారి ఒకటి, టవరు నుంచి ఫోనుకి వచ్చే దారి ఇంకొకటి కదా. బ్యాండ్ 4లో పోయే దారిని ఇండియా 1800 బ్యాండు పోయే దారి నుంచి, వచ్చే దారిని ఇండియా 2100 బ్యాండు వచ్చే దారి నుంచి తెచ్చి ముడివేశారు. అంటే మన ఇండియా ఫోనుకి అటు వెళ్ళడమూ తెలుసు, ఇటు రావడమూ తెలుసు, కానీ ఈ రెండింటినీ ఈ విధంగా జతచేయడం తెలియదు. పెళ్ళికొడుకు ఒక ఇంటివాడు, పెళ్ళికూతురు ఇంకో ఇంటిది. ఇద్దర్నీ విడివిడిగా ఎరుగుదుం, జంటగా ఎరగం!

ఇలాంటి ఇబ్బంది మనకి కొత్తేమీ కాదు. ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీకి ట్రాన్స్‌ఫార్మరు తగిలించి, అది గుర్రుమంటూంటే ఇడ్లీపిండి రుబ్బుకున్న ఇల్లాళ్ళు ఈ సంచిక చదివేవారిలో చాలామందే ఉంటారు. తమ్ముడి పెళ్ళి వీడియో కేసెట్ వస్తే అది పాల్, మన వీసీఆర్ ఎన్టీఎస్సీ. దాన్ని మార్పించడానికి ఇరవై డాలర్లు, రెండు వారాలు. మిక్సీకి ట్రాన్స్‌ఫార్మరు ఉంది, కేసెట్టుకి మార్చేవాడున్నాడు. బ్యాండు లేని ఫోనుకి మాత్రం మధ్యలో ఏదీ తగిలించలేం. ఒక్కో బ్యాండుకి లోపల ఒక్కో వడపోత, దానికి తగిన యాంప్లిఫయరు, యాంటెన్నా ఉండాలి. అవన్నీ డబ్బుతో పని. పది పన్నెండు వేల రూపాయల ఫోను తయారుచేసేవాడు, ఈ ఫోను కొన్నావిడ పెనమలూరు దాటి బ్రాంప్టన్ వెళుతుందని కలగన్నాడా? ఇండియాలో అక్కర్లేని బ్యాండ్లు తీసేసి నాలుగు రూపాయలు మిగుల్చుకుంటాడు. అందులో అతని తప్పు లేదు. ఖరీదైన ఫోన్లలో ముప్ఫై దాకా బ్యాండ్లుంటాయి కాబట్టి ఐఫోన్లకీ, పెద్ద శాంసంగులకీ ఈ బాధ దాదాపు ఉండదు. బాధంతా మధ్యతరగతి ఫోన్లది. మన అమ్మానాన్నలు కొనుక్కునేవి అవే.

టెలిఫోనుకి సంబంధించినంత వరకు మన ఊరు సామాన్యమైనది కాదని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. గ్రాహంబెల్ 1876 ఆగస్టు 10న పక్కనున్న పారిస్ గ్రామానికి మాట వినిపించింది బ్రాంట్‌ఫర్డ్ నుంచి. అది మన ఊరు కాదు లెండి, ఇండియా చుట్టాలు రెండింటినీ కలిపేస్తూ ఉంటారు. మన ఊరిది డిక్సీ రోడ్డు మీద 8200 నంబరు భవనం. ఇప్పుడది రోజర్స్ వారి ఆవరణ. అంతకు ముందు నార్టెల్ ప్రధాన కార్యాలయం. ఇంకా వెనక్కి వెళితే, 1960ల నుంచి అక్కడ టెలిఫోను పరికరాలు తయారుచేసిన ఫ్యాక్టరీ. ప్రపంచమంతటా టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో పనిచేసిన స్విచ్చులు చేసిన కంపెనీ అది. నార్టెల్ 2009 జనవరిలో దివాలా రక్షణ కోరింది. 2011లో దాని పేటెంట్లని ఆపిల్, మైక్రోసాఫ్ట్, రిమ్, ఎరిక్‌సన్, సోనీ మొదలైనవారు కలిసి 450 కోట్ల అమెరికన్ డాలర్లకి కొనుక్కున్నారు. 4జీకి పనికొచ్చే పేటెంట్లు కూడా ఆ మూటలో ఉన్నాయి. అమ్మగారి ఫోను మూగపోయిన వీధికి పది నిమిషాల దూరంలోనే ఆ ఫోనుకి చదువు చెప్పిన బడి ఉందన్నమాట.

బ్యాండు కుదరక ఇక్కడివాళ్ళు కూడా పడ్డారు అవస్థ. 2009 డిసెంబరులో విండ్ మొబైల్ వచ్చింది. పెద్ద కంపెనీల కన్నా చవక, అంచేత మనవాళ్ళు చాలామంది అందులో చేరారు. 2016లో పేరు మార్చుకుని ఫ్రీడమ్ అయింది. ఆ ఏడాది చివర టొరంటో ప్రాంతంలో 4జీ మొదలుపెట్టినప్పుడు అది నడిచింది బ్యాండ్ 66 మీద. అప్పటి సరికొత్త ఐఫోన్ 7లో బ్యాండ్ 66 లేదు! వెయ్యి డాలర్ల ఫోను జేబులో పెట్టుకుని 3జీతో కాలక్షేపం చేయవలసి వచ్చింది. 2017లో ఐఫోన్ 8 వచ్చాక గానీ ఆ ముడి వీడలేదు. ఫోను ఖరీదుకీ, ఈ గాలి పడడానికీ సంబంధం ఉండాలన్న నియమం లేదని చెప్పడానికే ఈ సంగతి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది మా వీధి చివర ఉండే కుటుంబంలో జరిగింది. ఆ అబ్బాయి నన్ను అన్నయ్యగారూ అంటాడు, వాళ్ళ అత్తగారిని నేను పిన్నిగారూ అంటాను. తెనాలి దగ్గరి పల్లెటూరు ఆవిడది. సూపర్ వీసా మీద వచ్చారు. అక్కడ కొన్న ఫోనే తెచ్చుకున్నారు. ఇక్కడి సిమ్ము ఒకటి తెచ్చి వేశారు. ఫోను పైన గీతలు కనిపించాయి. పొద్దున్న లేస్తే తెనాలిలో చెల్లెలితో వాట్సాప్‌లో వీడియో, మధ్యాహ్నం సీరియళ్ళు, సాయంత్రం ప్రవచనాలు. ఫోను దివ్యంగా ఉందని అందరూ అనుకున్నారు. ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది?

జనవరిలో ఒక రోజు ఎండ కాసింది. ఇక్కడి జనవరి ఎండ సంగతి మనకి తెలుసు గానీ తెనాలివారికి తెలియదు. నాలుగడుగులు వేసి వద్దామని బయల్దేరారు. పార్కు దారిలో మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టిన చోట కాలు జారింది. మణికట్టు విరిగింది. లేవలేక కూర్చుని, రెండో చేత్తో ఫోను తీసి అల్లుడికి చేశారు. కాల్ పోలేదు. అమ్మాయికి చేశారు. పోలేదు. ఎవరికి చేసినా ఒక క్షణం వెలిగి ఆగిపోతోంది. వాట్సాప్ తెరిస్తే గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఇరవై నిమిషాల తర్వాత కుక్కని తిప్పడానికి వచ్చిన ఒక చైనా ఆయన చూసి, తన కోటు విప్పి కప్పి, తన ఫోనుతో 911కి చేశాడు. భగవంతుడి దయవల్ల మణికట్టుతో పోయింది.

మర్నాడు ఆ ఫోను నా దగ్గరికి వచ్చింది. ఇంట్లో చూస్తే బ్రహ్మాండంగా పనిచేస్తోంది. వైఫై ఆపాను. ఇంటర్నెట్టు నత్తనడక నడిచింది. నా నంబరుకి కాల్ చేస్తే పోలేదు. సంగతి తేలిపోయింది. ఇన్నాళ్ళూ ఆ ఫోను ఫోనుగా పనిచెయ్యలేదు. ఇంటి వైఫై మీద ఆధారపడిన చిన్న టీవీగా పనిచేసింది. పిన్నిగారు వైఫై గుమ్మం దాటినప్పుడల్లా ఒంటరిగా తిరిగారు, ఆ సంగతి ఆవిడకి గానీ ఇంట్లోవాళ్ళకి గానీ తెలియదు.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది బ్యాండు. కలిసిన ఒక్క 850 మీదే ఆ ఫోను వేలాడుతోంది. 850 బలంగా ఉన్న వీధిలో గీతలు వస్తాయి, లేని వీధిలో పోతాయి. రెండోది చాలామందికి తెలియనిది, అంతకన్నా ప్రమాదమైనది. 4జీ పుట్టుకతోనే డేటా కోసం వచ్చింది. అందులో మాట పంపాలంటే వోల్టీ అనే పద్ధతి ఉండాలి. వోల్టీ ఫోనులో ఉంటే చాలదు, ఈ కంపెనీ నెట్‌వర్కుతో అది ఎలా మాట్లాడాలో రాసిన అమరిక కూడా ఆ ఫోనులో ఉండాలి. ఇండియాలో జియోకి, ఎయిర్‌టెల్‌కి సిద్ధంచేసిన ఫోనులో కెనడా కంపెనీల అమరిక ఉంటుందన్న హామీ లేదు. పూర్వం ఇది పెద్ద బాధ కాదు. 4జీలో మాట కుదరకపోతే ఫోను గప్‌చుప్‌గా 3జీకి దిగి కాల్ కలిపేది. ఇప్పుడా కింది మెట్టు తీసేస్తున్నారు. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో, వెరైజన్ ఆ ఏడాది ఆఖరులో 3జీ మూసేశాయి. కెనడా కంపెనీలు కూడా ఆ దారినే పోతున్నాయి. కిందికి దిగడానికి మెట్టు లేకపోతే డేటా ఉంటుంది, మాట ఉండదు.

ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ళకి ఈ పాఠం 2024లో వచ్చింది. ఆ అక్టోబరు చివర అక్కడి కంపెనీలు 3జీ ఆపాయి. ఆపే ముందు, అత్యవసర నంబరుకి కాల్ చెయ్యలేని ఫోన్లని నెట్‌వర్కులోకే రానివ్వకూడదని ప్రభుత్వం నిబంధన పెట్టింది. విదేశాల్లో కొన్న ఫోన్లు కొన్ని అలా మూతపడ్డాయి. కోపం వచ్చినవాళ్ళు చాలామంది. నా మట్టుకు నాకు ఆ ప్రభుత్వం చేసింది సబబే అనిపిస్తుంది. ఫోనుందన్న ధైర్యంతో బయటికి వెళ్ళి పడిపోవడం కన్నా, ఫోను పనికిరాదని ముందే తెలియడం మేలు కదా.

911 గురించి రెండు ముక్కలు. వాట్సాప్ నుంచి 911కి కాల్ పోదు. సిమ్ము ఉన్న కంపెనీ సిగ్నలు లేకపోయినా, చుట్టుపక్కల ఏ కంపెనీ టవరు దొరికినా అత్యవసర కాల్ ఆ టవరు తీసుకుంటుంది. ఇది నిజమే. కానీ ఆ టవరు భాష ఫోనుకి రావాలి. ఏ కంపెనీ టవరైనా ఉండేది పైన చెప్పిన కెనడా బ్యాండ్లలోనే.

ఇక విద్యార్థులు. షెరిడన్‌లోనో అల్గోమాలోనో చదువుకోవడానికి వచ్చిన పిల్లలు మన ఊళ్ళో బేస్‌మెంట్లలో ఉంటున్నారు. తరంగం ఎంత పొడుగైతే గోడలు దాటి అంత బాగా వస్తుంది. 2600 మెగాహెర్ట్జ్ తరంగం పొడుగు పదకొండున్నర సెంటీమీటర్లు, 700ది సుమారు నలభై మూడు. నేల కింద గదిలోకి దిగి వచ్చే శక్తి 600, 700లకే ఎక్కువ. ఈ 700 మెగాహెర్ట్జ్ జాగా ఎక్కడిదనుకున్నారు? మన డాబా మీది ఏరియళ్ళలాంటి వాటితో పట్టుకునే పాత టీవీ చానళ్ళది. 2011 ఆగస్టు 31న పెద్ద నగరాల్లో అనలాగ్ ప్రసారాలు ఆగిపోయాక అది ఖాళీ అయింది, 2014లో వేలంలో 500 కోట్ల డాలర్లకి పైగా పలికింది. ఆ బ్యాండ్లు లేని ఇండియా ఫోనుకి వీధిలో సిగ్నలు, బేస్‌మెంటులో శూన్యం. ఇండియాలోనూ 700 ఉంది కదా అని ఒక కుర్రాడు నాతో వాదించాడు. తెలివైనవాడే. ఉంది, బీఎస్ఎన్ఎల్ 4జీకి వాడుతోంది కూడా. కానీ అది బ్యాండ్ 28. రాకపోకల దారులు వేరే కొలతలతో గీశారు. పేరు ఒక్కటే, ఊరు వేరు. 5జీలో మాత్రం కొంచెం శుభవార్త. 3500 దగ్గరి ముక్కని రెండు దేశాలూ వాడుతున్నాయి. అయితే ఫోను మీద 5జీ అని కనిపించిందని సంబరపడకండి. మాట్లాడేటప్పుడు అది సాధారణంగా 4జీ మీదికే వస్తుంది, అక్కడ మళ్ళీ కథ మొదటికే.

దీనికి తిరుగు ప్రయాణం కూడా ఉంది. ఇక్కడ కంపెనీవారు కాంట్రాక్టుతో ఇచ్చిన చవక ఫోను, రెండేళ్ళు వాడి, తుడిచి, ఇండియా వెళ్ళేటప్పుడు నాన్నగారికి పట్టుకెళ్ళడం మనకి అలవాటు. ఉత్తర అమెరికా కోసం చేసిన చవక ఫోన్లలో బ్యాండ్ 3, బ్యాండ్ 40 లేనివి ఉంటాయి. హైదరాబాదులో నాలుగు కంపెనీల టవర్లుంటాయి కాబట్టి ఏదో ఒకటి తగులుతుంది. పల్లెటూళ్ళో ఉన్నదే ఒక టవరు, అందులో ఒకటో రెండో బ్యాండ్లు. అది కలిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు ఈ చిత్రం బాగా కనిపించింది. జియోకి అసలు 2జీ, 3జీ లేవు, మొత్తం 4జీయే. ఇక్కడినుంచి పట్టుకెళ్ళిన ఫోన్లలో డేటా వచ్చేది, కాల్ వచ్చేది కాదు. కాల్స్ కోసం వేరే యాప్ వేసుకోవలసి వచ్చేది.

"మాష్టారూ, మాది అన్‌లాక్డ్ ఫోనండీ" అంటారు కొందరు, ఇంక అడ్డేముందన్నట్టు. అన్‌లాక్ అంటే తాళం తీయడం. ఏ కంపెనీ సిమ్మైనా వేసుకోవచ్చునన్న అనుమతి. 2017 డిసెంబరు 1 నుంచి కెనడాలో అమ్మే ప్రతి ఫోనూ తాళం లేకుండానే ఇవ్వాలని సీఆర్టీసీ ఆదేశం. మంచి పని చేశారు. కానీ తాళం తీసినంత మాత్రాన లేని బ్యాండు పుట్టదు. ఇంకో కొత్త సంగతి. సిమ్ము పెట్టే బొరియే లేని ఐఫోన్లు 2022లో అమెరికాలో వచ్చాయి. 2025లో ఐఫోన్ 17తో ఆ పద్ధతి కెనడాకీ వచ్చింది. ఇక్కడ కొని ఇండియా పంపేవారు, అక్కడి నంబరుని ఇ-సిమ్ముగా మార్పించుకున్నాకే పంపండి.

ఇండియా నంబరు ఊసెత్తాను కాబట్టి ఓటీపీల గొడవ కూడా చెప్పాలి. పెద్దవాళ్ళు ఇక్కడ ఆరు నెలలుంటే అక్కడి బ్యాంకు, ఆధార్, గ్యాసు బుకింగు అన్నీ ఆ నంబరుకే కబురు పంపుతాయి. రిటైరైన టీచర్లకి నవంబరులో జీవన్ ప్రమాణ్ ఉండనే ఉంది. ఆ సిమ్ము ఇక్కడ రోమింగులో ఉన్నా, ఇక్కడి టవరు మీదనే బతకాలి. బ్యాండు కలవని ఫోనులో ఉంటే ఓటీపీ దారిలోనే ఆగిపోతుంది. రెండు సిమ్ముల ఫోను, కెనడా బ్యాండ్లున్నది, ఇండియా సిమ్ముకి రోమింగు ముందే తెరిపించి ఉంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. తొంభై రోజులు ఏ వాడకమూ లేకపోతే అక్కడ నంబరు తీసేసే వీలుంది, అంచేత రీఛార్జి మరిచిపోవద్దు. పోయిన నంబరు ఇంకెవరికో ఇస్తారు, మన బ్యాంకు కబుర్లు వాళ్ళకి వెళతాయి.

ఇంతకీ ఏం చెయ్యాలి? టిక్కెట్లు కొన్నప్పుడే ఫోను మోడల్ నంబరు కనుక్కోండి. ఫోను పేరు చాలదు. ఒకే పేరుతో దేశానికో రకం అమ్ముతారు. శాంసంగ్‌లో మోడల్ నంబరు చివర డబ్ల్యూ ఉంటే కెనడాది, యు ఉంటే అమెరికాది. ఇండియావాటికి బి, ఇ లాంటివి ఉంటాయి. ఆ నంబరుతో తయారీదారు ప్రకటించిన బ్యాండ్ల జాబితా తీసి 2, 4 లేదా 66, 5, 7, 12 ఉన్నాయా చూడండి. ఫ్రీడమ్ తీసుకునేవారు 66 తప్పకుండా చూడాలి, 71 ఉంటే మరీ మంచిది. సిమ్ము కొనే ముందు, ఈ మోడల్‌కి వోల్టీ ఇస్తారా అని దుకాణంలో అడగండి. కౌంటరు దగ్గర కుర్రాడు "పనిచేస్తుంది సర్" అంటే ఒప్పుకోకండి. సిమ్ము వేయించి, వైఫై ఆపి, బ్లూటూత్ ఆపి, ఆ కౌంటరు దగ్గరే మీ ఇంటికి మామూలు కాల్ చేయించి రెండు నిమిషాలు మాట్లాడండి. ఆ సమయంలో పైన 3జీ అనో హెచ్ అనో మారితే, అది ఈరోజు పనిచేస్తోందని మాత్రమే అర్థం. తర్వాత ఇంటికి వచ్చి బేస్‌మెంటులో ఒకసారి, వాళ్ళు నడిచే దారిలో ఒకసారి చూడండి. పరీక్ష కోసం 911కి మాత్రం చెయ్యకండి. ఎవరో నిజంగా పడిపోయినవాళ్ళ వరసలో మనం నిలబడినట్టవుతుంది.

కుదరకపోతే ఇక్కడే ఒక ఫోను కొనివ్వండి. ఖరీదైనది అక్కర్లేదు, కెనడా మోడల్ అయితే చాలు. "నా ఫోను నాకుంది కదురా, దండగ" అని నాన్నగారు అంటారు. అననివ్వండి. ఇండియా ఫోను ఇంట్లో వైఫై మీద సీరియళ్ళకీ, చెల్లెలితో కబుర్లకీ వదిలేసి, గుమ్మం దాటేటప్పుడు మాత్రం కొత్తది కోటు జేబులో పెట్టండి. మా వీధి పిన్నిగారు ఇప్పుడు అలాగే రెండు ఫోన్లతో తిరుగుతున్నారు. కట్టు విప్పారు, చెయ్యి బాగానే ఉంది.

వచ్చే నెల సంఘం సమావేశానికి ఫోన్లు తీసుకురండి, ఒక్కొక్కటీ చూసి చెబుతాను. వీలైతే ఫోను వచ్చిన డబ్బా కూడా పారెయ్యకుండా తీసుకురండి. మోడల్ నంబరు డబ్బా మీద ఉంటుంది, నా కళ్ళజోడుకి అది సులువు.